మెష్ సన్నబడితే లెక్క తప్పుతుందా?

ఎం.టెక్. ముగించబోతున్న ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: ఘనపదార్థాలపై బలాల ప్రభావాన్ని కంప్యూటర్‌తో లెక్కకట్టే శాస్త్రం, అంటే కంప్యూటేషనల్ సాలిడ్ మెకానిక్స్, సాఫ్ట్‌వేర్ రూపంలో బజారులోనే దొరుకుతున్నప్పుడు, బటన్ నొక్కగానే ప్రతిబలం (స్ట్రెస్, అంటే యూనిట్ వైశాల్యంపై పనిచేసే బలం) ఎక్కడెంత ఉందో రంగుల్లో కనిపిస్తున్నప్పుడు, ఇక ఇందులో పరిశోధించడానికి, దానితో అధ్యాపక ఉద్యోగం సంపాదించడానికి ఏం మిగిలింది? చాలా మిగిలింది. ముందుగా ఆ రంగుల గురించి ఒక మాట. ఎరుపు కనబడితే ప్రమాదమనీ నీలమైతే క్షేమమనీ అనుకోవడం రాహుకాలాన్ని నమ్మడం లాంటిదే. దూలం మీద పిచ్చుక వాలిన బరువు ఇచ్చినా, ఆ లెక్కలో గరిష్ఠ విలువ ఉన్నచోట సాఫ్ట్‌వేర్ ఎరుపే వేస్తుంది.

వస్తువును చిన్న చిన్న గళ్లుగా, అంటే మెష్‌గా, విడగొట్టి లెక్క చేయడమే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. గళ్లు ముతకగా ఉంటే ఏమవుతుందో 1991 ఆగస్టు 23న నార్వేలో తెలిసింది. స్లైప్నర్-ఎ చమురు వేదికకు ఆధారంగా కట్టిన భారీ కాంక్రీటు నిర్మాణాన్ని పరీక్ష కోసం నీటిలోకి దించుతుండగా గోడ పగిలి అది మునిగిపోయింది. ముతక మెష్ వల్ల ఒక కీలకమైన కూడలిలో కోత (షియర్) ప్రతిబలాన్ని దాదాపు 47 శాతం తక్కువగా అంచనా వేశారనీ, అక్కడి ఇనుప చువ్వల అమరికా చాలలేదనీ విచారణలో తేలింది. పదార్థం స్థితిస్థాపకంగా, అంటే బలం తీసేయగానే పాత ఆకారానికి వచ్చేలా, ఉన్నంతవరకు ఇలాంటి తప్పుకు మందు తెలిసినదే: మెష్‌ను సన్నబరచిన కొద్దీ సమాధానం నిజానికి దగ్గరవుతుంది.

పగులు మొదలైతే ఈ భరోసా తలకిందులవుతుంది. 100 మిల్లీమీటర్ల పొడవున్న కాంక్రీటు కడ్డీని రెండు కొసలా పట్టి లాగుతున్నామనుకుందాం. ప్రతిబలం ఒక గరిష్ఠ స్థాయికి చేరాక కాంక్రీటు మెత్తబడుతుంది, అంటే ఎంత సాగితే అంత తక్కువ బలాన్ని మోస్తుంది. కడ్డీ పొడవునా బలం ఒక్కటే కాబట్టి, అన్నిటికన్నా ఇసుమంత బలహీనమైన గడి ముందుగా మెత్తబడగానే మోసే బలం తగ్గుతుంది. ఇంకా గరిష్ఠ స్థాయిని అందుకోని మిగతా గళ్లు వెనక్కి ముడుచుకుంటాయి. సాగుదలంతా ఆ ఒక్క గడిలోనే పోగవుతుంది. కడ్డీని తెంచడానికి ఖర్చయ్యే శక్తి ఆ గడి పొడవుకు అనుపాతంలో ఉంటుంది. 10 మిల్లీమీటర్ల గళ్లతో చేసినప్పుడు చదరపు మీటరు పగులుకు 100 జౌళ్లు వచ్చేలా పదార్థ గుణాలను సరిచూసుకున్నామనుకోండి; కాంక్రీటుకు అది సహజమైన విలువే. అవే గుణాలతో గడిని 1 మిల్లీమీటరు చేస్తే 10 జౌళ్లు వస్తాయి, 0.1 మిల్లీమీటరు చేస్తే 1 జౌలు. కంప్యూటర్‌కు ఎంత ఎక్కువ పని చెబితే కాంక్రీటు అంత చౌకగా విరుగుతుంది! ఇది ప్రోగ్రాములో దొర్లిన పొరపాటు కాదు. పొడవు అనే కొలతే లేని పదార్థ నమూనాను పగులు దాకా లాగడం వల్ల సమీకరణాలే సుస్థితిని కోల్పోతాయి, అంటే నిలకడైన ఒకే సమాధానం ఇవ్వలేకపోతాయి.

1983లో బజాంత్, ఓ (Oh) అనే ఇద్దరు పరిశోధకులు చూపిన ఉపాయం, మెత్తబడే రేటును గడి పరిమాణాన్ని బట్టి సర్దడం. శక్తి లెక్క కుదురుతుంది గానీ, పగులు మాత్రం గళ్ల వరసలు ఎటుంటే అటే నడవడానికి మొగ్గుతుంది. గుడివాడలో పుట్టి కాకినాడలో ఇంజనీరింగ్ చదివిన అట్లూరి సత్యనాథం, 1998లో సహరచయిత ఝూతో కలిసి, మెష్ అవసరమే లేని ఒక పద్ధతిని ప్రతిపాదించారు. అదే ఏడాది ఫ్రాంక్‌ఫోర్, మారిగో అనే పరిశోధకులు పగుళ్లను మొత్తం శక్తిని కనిష్ఠం చేసే సమస్యగా మలిచారు. దాని నుంచి పుట్టిన ఫేజ్-ఫీల్డ్ పద్ధతిలో పగులు ఒక పదునైన గీత కాదు, సున్నా (చెక్కుచెదరని స్థితి) నుంచి ఒకటి (పూర్తిగా విరిగిన స్థితి) దాకా మారే దెబ్బతిన్నతనం. అది ఎంత వెడల్పున పరుచుకోవాలో ఒక పొడవు నిర్ణయిస్తుంది.

నన్ను వదలనిది ఆ పొడవే. అది లెక్క కోసం పెట్టుకున్న సౌకర్యమా, పదార్థ గుణమా? గుణమే అనుకుంటే, దృఢత్వాన్ని (యంగ్ గుణకాన్ని) పగులు శక్తితో గుణించి, పదార్థం తట్టుకోగల గరిష్ఠ ప్రతిబలపు వర్గంతో భాగిస్తే వచ్చే దానిలో సుమారు పదో వంతు ఉండాలి: కాంక్రీటుకు కొన్ని సెంటీమీటర్లు, గాజుకు 0.02 మిల్లీమీటరు ప్రాంతం. గడి అందులో నాలుగో వంతు ఉండాలంటే, మీటరు చదరపు గాజు పలకకు రెండు కొలతల్లోనే 4,000 కోట్ల గళ్లు కావాలి. పగులు ఉన్నచోటే మెష్‌ను సన్నబరిస్తే ఈ సంఖ్య తగ్గుతుంది; కానీ ఏ గాటూ లేని చోట కొత్త పగులు ఎలా పుడుతుందన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకున్న జవాబు ఇంకా లేదు. ఛార్జింగులో ఉబ్బి పగిలే బ్యాటరీ కణాలు, లోహపు అలసట, మంచుపలకల చీలికలు అన్నిటి లెక్కా ఈ ప్రశ్న మీదే ఆధారపడింది.

ఉద్యోగాల సంగతి: ఈ శాస్త్రానికి విశ్వవిద్యాలయాల్లో సొంత విభాగం ఉండటం అరుదు కాబట్టి ప్రకటనలను సివిల్, మెకానికల్, ఏరోస్పేస్, అనువర్తిత గణితం విభాగాల్లో వెతకాలి. ఐ.ఐ.టీ.ల్లో, ఐ.ఐ.ఎస్‌సీ.లో గేట్ పరీక్ష ద్వారా పరిశోధనకు చేరవచ్చు. జర్మనీలో పరిశోధక విద్యార్థులు చాలామంది జీతం తీసుకునే ఉద్యోగులే. అధ్యాపక పదవికి పీహెచ్‌డీ తరువాత సాధారణంగా కొన్నేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాతి తాత్కాలిక పరిశోధక ఉద్యోగం) అనుభవం అడుగుతారు. సాఫ్ట్‌వేర్ నడపడం తెలిసినంత మాత్రాన ఇక్కడ చెల్లదు. వేరియేషనల్ గణితం (శక్తి లాంటి రాశిని కనిష్ఠం చేసే రూపాన్ని వెతికే గణితం), సొంతంగా ప్రోగ్రాం రాయగల నేర్పు, కనీసం ఒక ప్రయోగశాల ఫలితంతో లెక్కను పోల్చిన అనుభవం కావాలి. పై కడ్డీ లెక్కను వంద పంక్తుల్లోపే రాయవచ్చు. దరఖాస్తు చేసేలోపు దాన్ని మూడు రకాల మెష్‌లతో నడిపి చూడమని ఆ పాఠకునికి నా సలహా.