డాలరు గుర్తు ఎన్నిసార్లు రాయాలి?

‘మేక్’ అనే ప్రోగ్రామ్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసేటప్పుడు చదివే సూచనల ఫైలు మేక్‌ఫైల్. అందులో ఒక చిన్న లూప్ ఉందనుకుందాం. ఒక ఫోల్డర్‌లోని పది ఫైళ్లను ఒక్కొక్కటిగా తీసుకుని బిల్డ్ ఫోల్డర్‌లోకి కాపీ చేయడమే దాని పని. లూప్ వేరియబుల్ పేరు ‘ఫైల్’. ఇంగ్లిష్‌లో ఎఫ్, ఐ, ఎల్, ఇ అని నాలుగు అక్షరాలు. ఇదే లూప్‌ను టెర్మినల్‌లో టైప్ చేస్తే చక్కగా నడుస్తుంది. మేక్‌ఫైల్‌లో పెడితే మాత్రం కాపీ కమాండ్ పదిసార్లూ ఒకే ఫిర్యాదు చేస్తుంది: ‘ఐ-ఎల్-ఇ’ అనే ఫైలు కనబడలేదని. ముందున్న ఎఫ్ ఎటు పోయింది?

దాన్ని మేక్ తినేసింది. మేక్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ చేతిలో పుట్టింది. వేరియబుల్‌కి ముందు $ పెట్టడం మేక్‌కీ అలవాటే, కమాండ్లను నడిపే షెల్‌కీ అలవాటే. కాకపోతే బ్రాకెట్ లేకుండా $ కనబడితే మేక్ దాని పక్కనున్న ఒక్క అక్షరాన్నే పేరుగా తీసుకుంటుంది. ఎఫ్ అనే మేక్ వేరియబుల్‌ను ఎవరూ ఎక్కడా పెట్టలేదు, కాబట్టి దాని విలువ ఖాళీ. ఆ ఖాళీని అక్కడ పెట్టి, మిగిలిన మూడక్షరాలను మేక్ షెల్‌కి అందించింది. మందు తెలిసిందే, $$ అని రాయాలి. మేక్ రెండింటిని ఒకటి చేసి పంపుతుంది, ఆ ఒకటి షెల్‌కి చేరుతుంది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. ఎక్కడ ఏ గుర్తు ముందు ఏం పెట్టాలో బట్టీ పట్టడం వల్ల లాభం లేదు. ఆ వాక్యాన్ని ఎంతమంది చదువుతారు, ఏ వరుసలో చదువుతారు అన్నది లెక్కపెట్టాలి. కవరులో కవరు పెట్టి పంపిన ఉత్తరం లాంటిది ఇది. దారిలో ఉన్న ప్రతివాడూ ఒక కవరు చింపి చూస్తాడు. అసలు మనిషికి ఉత్తరం చెక్కుచెదరకుండా అందాలంటే దారిలో ఎంతమంది ఉన్నారో అన్ని కవర్లు పెట్టాలి. ఒకటి తగ్గినా తప్పే, పెరిగినా తప్పే.

మేక్‌లో ఫర్‌ఈచ్ (జాబితాలో ఒక్కోదాన్నీ తీసుకునేది), కాల్ (టెంప్లేట్‌లో విలువలు నింపేది), ఈవాల్ (వచ్చిన పాఠాన్ని రూల్‌గా చదివేది) అనే ఫంక్షన్లు మూడూ కలిపి రూల్స్ పుట్టించే పద్ధతి ఉంది. పెద్ద ప్రాజెక్టుల్లో తరచూ కనబడుతుంది. ఒక టెంప్లేట్ రాసి, ప్రోగ్రాముల జాబితా మీద ఫర్‌ఈచ్ తిప్పితే, ప్రతి ప్రోగ్రాముకూ ఒక రూల్ తయారవుతుంది. ఆ టెంప్లేట్‌లో ఉన్న షెల్ కమాండ్‌ను మేక్ రెండుసార్లు చదువుతుంది. కాల్ విప్పేటప్పుడు ఒకసారి, తయారైన రూల్ నడిచేటప్పుడు మరోసారి. ఆ తర్వాతే షెల్ వంతు. కాబట్టి షెల్‌కి ఒక $ చేరాలంటే టెంప్లేట్‌లో నాలుగు రాయాలి: $$$$. తక్కువ రాస్తే ఏమవుతుందో అదే ‘ఫైల్’ పేరుతో చూడండి. ఒక $ రాస్తే షెల్‌కి అందేది ఐ-ఎల్-ఇ. రెండు రాసినా ఐ-ఎల్-ఇ యే, ఎందుకంటే మొదటి చదువులో రెండు ఒకటైంది, రెండో చదువులో ఆ ఒకటి ఎఫ్‌ని పట్టుకుపోయింది. మూడు రాస్తే ఎల్-ఇ మిగులుతుంది: మొదటి చదువులో ముందున్న రెండు కలిసి ఒకటవుతాయి, మూడోది ఎఫ్‌తో సహా మాయమవుతుంది; రెండో చదువులో మిగిలిన $ ఐ అక్షరాన్ని మింగుతుంది. నాలుగు రాస్తేనే పేరు పూర్తిగా చేరుతుంది. ఎర్రర్‌లో మిగిలిన అక్షరాలు చూసి ఎన్ని పొరలు తగ్గాయో కొంతవరకు పసిగట్టవచ్చు.

రూల్ ఎలా తయారైందో కళ్లతో చూడాలంటే ఈవాల్ అన్న చోట ఇన్ఫో అని మార్చి నడపండి. మొదటి చదువు తర్వాత మిగిలిన పాఠం తెర మీద కనబడుతుంది. మేక్‌ని మైనస్-ఎన్‌తో నడిపితే షెల్‌కి వెళ్లబోయే వాక్యం కనబడుతుంది. షెల్‌లో సెట్ మైనస్-ఎక్స్ పెడితే షెల్ విప్పిన తర్వాతి రూపం కనబడుతుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గుర్తు ఏ గడప దగ్గర పోయిందో తేలిపోతుంది.

ఎన్ని కవర్లన్నదే కాదు, ఏ వరుసలో పెట్టామన్నదీ ముఖ్యమే. దీనికి లైనక్స్ కెర్నల్ బిల్డ్ మంచి ఉదాహరణ. ప్రతి ఫైలునూ ఏ కమాండ్‌తో కంపైల్ చేశారో అది ఒక చిన్న ఫైల్లో రాసి పెట్టుకుంటుంది. తర్వాతి బిల్డ్‌లో కమాండ్ మారిందా అని పోల్చి, మారితే మళ్లీ కంపైల్ చేస్తుంది. అలా రాసిపెట్టిన వాక్యాన్ని మేక్ తర్వాత మళ్లీ చదవాలి కాబట్టి ముందే ఎస్కేప్ చేయాలి, అంటే గుర్తులు చెడకుండా కవరు తొడగాలి. అక్కడి వరుస ఇది: మొదట ప్రతి $ ని $$ చేస్తారు, తర్వాత ప్రతి # స్థానంలో $(పౌండ్) అనే వేరియబుల్ పెడతారు, చివరగా ప్రతి సింగిల్ కోట్‌ను '\'' చేస్తారు. మొదటి రెండూ తారుమారైతే? # కోసం కొత్తగా పెట్టిన $ కూడా రెండింతలవుతుంది. తిరిగి చదివినప్పుడు # బదులు ‘$(పౌండ్)’ అన్న అక్షరాలే మిగులుతాయి. పాత కమాండ్, కొత్త కమాండ్ ఎప్పటికీ కలవవు, ఏమీ మారకపోయినా ఆ ఫైలు ప్రతిసారీ కంపైల్ అవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, బిల్డ్ నెమ్మదిస్తుందంతే. ఇలాంటి తప్పు నెలల తరబడి దాక్కోగలదు.

ఆ '\'' ఏమిటో కూడా చూద్దాం. సింగిల్ కోట్ల మధ్య ఉన్న దేన్నీ షెల్ ముట్టుకోదు. $, బ్యాక్‌స్లాష్, నక్షత్రం, ఏదైనా సరే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. పట్టనిది ఒక్కటే, సింగిల్ కోట్. అందుకని తెరిచిన కోట్‌ను మూసేసి, బయట బ్యాక్‌స్లాష్‌తో ఒక కోట్ పెట్టి, మళ్లీ కోట్ తెరుస్తాం. షెల్ కోసం చేసే ఎస్కేప్‌లన్నింటిలో నమ్మదగినది ఇదే. మార్చాల్సిన గుర్తు ఒక్కటే కాబట్టి మర్చిపోయే అవకాశమే లేదు. డబుల్ కోట్లు వాడితే $, బ్యాక్‌టిక్, బ్యాక్‌స్లాష్, డబుల్ కోట్ నాలుగింటినీ చూసుకోవాలి.

# గుర్తుకు మరో చరిత్ర ఉంది. 2020 జనవరిలో వచ్చిన గ్నూ మేక్ 4.3 ఒక నియమాన్ని మార్చింది. అంతకుముందు ఫంక్షన్ లోపల # రాయాలంటే \# అని రాయాలి, లేకపోతే అక్కడి నుంచి కామెంట్ అనుకునేది. 4.3 నుంచి ఫంక్షన్ లోపల # మామూలు అక్షరమే. ఇప్పుడు \# రాస్తే బ్యాక్‌స్లాష్ కూడా మిగిలిపోతుంది. రెండు వెర్షన్లలోనూ ఒకేలా నడవాలంటే \# ను ముందే ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, ఫంక్షన్‌లో ఆ వేరియబుల్‌ను వాడాలి. కెర్నల్ వాళ్ల ‘పౌండ్’ అదే. మాక్‌ఓఎస్‌తో వచ్చే మేక్ 2006 నాటి 3.81 కాబట్టి, కొత్త లైనక్స్ మీద ఒకసారి, మాక్ మీద ఒకసారి నడిపితే ఈ తేడా వెంటనే బయటపడుతుంది. కామాకీ ఇదే చిట్కా. మేక్ ఫంక్షన్లలో కామా అంటే తర్వాతి ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కి ఇచ్చే విలువ) మొదలైందని అర్థం, దాన్ని కూడా వేరియబుల్‌లో దాచాలి.

స్పేస్‌కి మాత్రం మేక్‌లో సరైన మందు లేదు. ఫర్‌ఈచ్ జాబితాను స్పేస్ దగ్గర విడగొడుతుంది, కోట్లు పెట్టినా వినదు. పేర్లలో స్పేస్ ఉండే ఫైళ్లయితే ఆ లూప్‌ను మేక్‌లో కాక షెల్‌లో రాయడమే తెలివైన పని. షెల్‌లో కూడా వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్లు తప్పనిసరి. లేకపోతే విలువ స్పేస్, ట్యాబ్, కొత్త లైను దగ్గర ముక్కలవుతుంది, నక్షత్రం ఉంటే ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లుగా మారిపోతుంది. 2001 నవంబరులో ఆపిల్ విడుదల చేసిన ఐట్యూన్స్ 2 ఇన్‌స్టాలర్ స్క్రిప్ట్‌లో ఈ కోట్లే లేవు. పేరులో స్పేస్ ఉన్న డిస్కుల మీద కొందరి డేటా మొత్తం చెరిగిపోయింది.

మన భాష పేర్ల సంగతేమిటి? ఇక్కడ ఒక మంచి వార్త ఉంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు. ఆ మూడూ 128, అంతకంటే పెద్ద విలువలే. $ గాని, బ్యాక్‌స్లాష్ గాని, కోట్ గాని వాటిలో ఇరుక్కునే ప్రసక్తే లేదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దీన్ని అలా కావాలనే రూపొందించారు. జపాన్‌లో వాడిన షిఫ్ట్-జిస్ అలా కాదు. కటకానా ‘సో’ అక్షరం రెండో బైటు అచ్చంగా బ్యాక్‌స్లాషే, అందువల్ల అక్కడి స్క్రిప్టులు చాలాకాలం తిప్పలు పడ్డాయి. మనకు చిక్కు వేరే చోట వస్తుంది. ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే గిట్‌ని ఫైళ్ల జాబితా అడిగితే, మామూలు సెట్టింగ్‌లో తెలుగు పేర్లను కోట్ల మధ్య అంకెలుగా ఇస్తుంది. ‘త’ అక్షరం \340\260\244 గా కనబడుతుంది. ఆ జాబితా మీద లూప్ తిప్పితే ఆ పేరుతో ఫైలే ఉండదు. గిట్‌కి మైనస్-జెడ్ ఇవ్వండి. పేర్లు ఉన్నవి ఉన్నట్టుగా, ఒక్కోదాని చివర సున్నా బైటుతో వస్తాయి. ఫైలు పేరులో ఉండకూడని బైట్లు రెండే, సున్నా, స్లాష్. కాబట్టి పేర్ల మధ్య గోడగా సున్నాని మించింది లేదు.

విండోస్ బ్యాచ్ ఫైళ్లలో ఇదే కథ శాతం గుర్తుతో నడుస్తుంది. కమాండ్ ప్రాంప్ట్ దగ్గర లూప్ వేరియబుల్‌కి ఒక %, బ్యాచ్ ఫైల్లో రెండు. లూప్ లోపల మారిన విలువ చదవడానికి ఆలస్యపు విస్తరణ (డిలేడ్ ఎక్స్‌పాన్షన్) ఆన్ చేసి ! వాడతారు. అప్పుడు పేరులో ! ఉన్న ఫైళ్లకు ఆ గుర్తు ఎగిరిపోతుంది. బిల్డ్ ఫైళ్లను తయారుచేసిపెట్టే సీమేక్‌లో జాబితా అంటే సెమికోలన్లతో అతికించిన ఒక వాక్యమే, విలువలో ; ఉంటే ఒక వస్తువు రెండవుతుంది.

పాఠంలో మాటలు వెతికి మార్చే సెడ్‌ది ఇంకో రకం మోసం. టెంప్లేట్‌లో @పేరు@ అని ఉన్నచోట లూప్‌లోని విలువ పెట్టాలి. విలువ ‘ఆర్&డి’ అయితే ఫలితం ‘ఆర్@పేరు@డి’ వస్తుంది, ఎందుకంటే సెడ్‌కి & అంటే ‘ఇప్పుడు దొరికిన పాఠం’ అని అర్థం. మేక్, షెల్ రెండూ తప్పు చేయకపోయినా మూడో పాఠకుడు చెడగొట్టాడు. సెడ్‌కి ఇచ్చే విలువలో &, బ్యాక్‌స్లాష్, వేరు చేసే గుర్తు మూడింటి ముందూ బ్యాక్‌స్లాష్ పెట్టాలి.

ఇప్పుడు పరీక్ష. స్క్రిప్ట్ బాగుందో లేదో చదివి తేల్చలేం, నడిపి చూడాలి. అసలు కమాండ్ ఉన్నచోట ఒక చిన్న సాక్షి ప్రోగ్రామ్ పెట్టండి. తనకు ఎన్ని ఆర్గ్యుమెంట్లు వచ్చాయో, ఒక్కోదాని బైట్లేమిటో ఫైల్లో రాయడమే దాని పని. ఆర్గ్యుమెంట్ల సంఖ్య తప్పకుండా రాయించాలి. ఖాళీ విలువ కోట్లు లేకుండా వెళ్తే చప్పుడు చేయకుండా మాయమవుతుంది, సంఖ్య తగ్గినప్పుడే ఆ విషయం తెలుస్తుంది. రాయడానికి ఎకో వాడకండి. డెబియన్, ఉబుంటుల్లో మామూలు షెల్ అయిన డాష్‌లో ఎకో బ్యాక్‌స్లాష్-టి ని ట్యాబ్‌గా, బ్యాక్‌స్లాష్-ఎన్ ని కొత్త లైనుగా మారుస్తుంది. బాష్‌లో మామూలుగా మార్చదు. ప్రింట్‌ఎఫ్ వాడాలి.

విలువలకు ఆస్కీలోని 95 ముద్రించదగిన గుర్తులన్నీ తీసుకోండి. ఒక్కోదాన్నీ మాటకు మొదట, మధ్యలో, చివర పెడితే 285 విలువలు. స్థానం ఎందుకంటే, ~ గుర్తు మొదట ఉంటేనే షెల్ పట్టించుకుంటుంది, మైనస్ మొదట ఉంటే ప్రోగ్రామ్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది, బ్యాక్‌స్లాష్ లైను చివర ఉంటే తర్వాతి లైను వచ్చి అతుక్కుంటుంది. వీటికి ఖాళీ విలువ, వరుసగా రెండు స్పేస్‌లు, ట్యాబ్, కొత్త లైను, $$, $(అ), ఒక తెలుగు మాట చేర్చండి. తెలుగు మాటలో ‘సాఫ్ట్‌వేర్’లో లాగ పొల్లు తర్వాత వచ్చే కంటికి కనబడని జీరో-విడ్త్ నాన్-జాయినర్ ఉండేలా చూడండి. అది ఉన్న పేరూ లేని పేరూ రెండు వేర్వేరు ఫైళ్లు.

ఒక ఉచ్చు ఉంది. పరీక్ష విలువను అదే షెల్ కోట్లతో రాస్తే, మనకున్న పొరపాటు అవగాహన రెండు వైపులా ఒకేలా పడుతుంది, తప్పు స్క్రిప్ట్ కూడా పాసైపోతుంది. అందుకే రావలసిన ఫలితాన్ని వేరే దారిలో, ప్రింట్‌ఎఫ్‌కి ఆక్టల్ అంకెలిచ్చి తయారుచేయండి: $ కి 044, సింగిల్ కోట్‌కి 047, # కి 043, బ్యాక్‌స్లాష్‌కి 134. రెండు ఫైళ్లనూ బైటుకు బైటు సీఎంపీతో పోల్చండి. ఫలితాన్ని $( ) తో వేరియబుల్‌లోకి తీసుకుని పోల్చవద్దు. చివర ఉన్న కొత్త లైన్లన్నీ అక్కడే రాలిపోతాయి.

పాసైన తర్వాత స్క్రిప్ట్‌లో ఒక $ కావాలని తీసేసి మళ్లీ నడపండి. ఇప్పుడు ఫెయిల్ కావాలి. కాకపోతే మనం పరీక్షిస్తున్నది ఆ లూప్‌ను కాదు. లూప్ లోపలి కమాండ్ వెనక ‘|| ఎగ్జిట్ 1’ ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. అది లేకపోతే షెల్ లూప్ చివరి చుట్టు ఫలితాన్నే మేక్‌కి చెబుతుంది. పది ఫైళ్లలో నాలుగోది విఫలమై పదోది సఫలమైతే, మేక్ దృష్టిలో అన్నీ సఫలమే.