నల్లరేగడిలో గుంట పరీక్ష, దక్షిణపు వాకిలి: వాస్తులో అపోహలు - వాస్తవాలు

అపోహ: గుంట పూడ్చాక మట్టి మిగిలితే ఆ స్థలంలో నిశ్చింతగా పునాది వేయొచ్చు.

వాస్తవం: ఈ పరీక్ష వరాహమిహిరుడి ప్రాచీన గ్రంథం బృహత్సంహితలోనే ఉంది. మూర పొడవు, మూర వెడల్పు, మూర లోతున గుంట తీసి అదే మట్టితో పూడ్చాలి. మిగిలితే ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే అధమం. నెల్లూరు తీరంలోని మైపాడు వైపు ఇసుక నేలల్లో చేసి చూడండి, తప్పులేదు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో మాత్రం దీన్ని నమ్మి దిగొద్దు. రేగడి పెళ్లలుగా లేస్తుంది. పూడ్చినప్పుడు పెళ్లల మధ్య సందులు ఉండిపోయి మట్టి మిగులుతుంది. గుంట నిండా నీళ్లు పోసి, నూరడుగులు నడిచొచ్చి, నీరు తగ్గిందా అని చూసే పరీక్ష కూడా అంతే. వానాకాలం తడిసిన రేగడి నీళ్లు పీల్చదు, గుంట నిండుగానే కనిపిస్తుంది. రెండింట్లోనూ నెగ్గిన ఆ నేలే ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానలకు ఉబ్బి గోడను పైకెత్తుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే పగులు దాని గుర్తు.

ఇలాంటి చోట అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు, నేలలోకి వేయించాలి. లోతు 12 అడుగులకు తగ్గకూడదు, అడుగున బల్బు ఉండాలి. ప్లింత్ బీము (గోడల అడుగున పైల్స్‌ను కలిపే కాంక్రీటు దూలం) కింద 3 అంగుళాలకు పైగా ఖాళీ వదలండి, నేల ఉబ్బినా బీముకు తగలదు. తవ్విన రేగడినే బేస్‌మెంట్‌లో, అంటే గచ్చు కింద, నింపనివ్వకండి. గ్రావెల్ తోలించి, పొరపొరకీ తడిపి దిమ్మిస కొట్టించండి.

అపోహ: సంపు ఇంటి ఈశాన్యం మూలకు ఆనుకునే ఉండాలి.

వాస్తవం: ఈశాన్యంలో నీరు ఉండాలన్నది స్థలానికి చెప్పిన మాట. పునాదికి ఆనించి తవ్వితే, సంపు కారిన రోజున రేగడి ఆ ఒక్క మూలే ఉబ్బుతుంది. ప్రహరీ వైపు జరపండి.

అపోహ: దక్షిణపు వాకిలి అరిష్టం, పైగా వేడి.

వాస్తవం: దక్షిణపు వైపును తొమ్మిది భాగాలు చేస్తే ఆగ్నేయం నుంచి నాలుగోది గృహక్షతుడనే వాస్తు దేవత స్థానం. అక్కడ ద్వారం మంచిదని శాస్త్రమే చెప్పింది. ఇక వేడి సంగతి. నెల్లూరు దాదాపు 14½ డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు రోజంతా ఉత్తరానికి ఒరిగే నడుస్తాడు, దక్షిణపు గోడకు నేరుగా ఎండ తగలదు. ఇంటిని ఉడికించేది పడమటి ఎండ, వడగాలి. నైరుతిలో పడగ్గది తప్పదంటే పడమటి గోడను 9 అంగుళాల ఇటుకతో కట్టి, బయట వసారా దించండి.

అపోహ: ఇంటి వైశాల్యంతో కట్టే ఆయం లెక్కలో చెడ్డదనే ఖరాయం వస్తే ప్లాను మొత్తం మార్చాలి.

వాస్తవం: 21×30 అడుగులు 630. తొమ్మిదితో గుణించి ఎనిమిదితో భాగిస్తే శేషం 6, ఖరాయం. పొడవు ఒక్క అడుగు పెంచితే 651, అదే లెక్కన శేషం 3, మంచిదనే సింహాయం. ముగ్గు పోయకముందే ఈ లెక్క చూసుకోండి.