నలిపేసే సీసా, తిరిగిచ్చే సీసా

రైల్లో కొన్న నీళ్ల సీసా లేబుల్ తిప్పి చూడండి. ఐఎస్ఐ గుర్తు, తయారీ తేదీ, వాటి పక్కనే చిన్న అక్షరాల్లో ‘వాడాక సీసాను నలిపేయండి’ అన్న సూచన ఉంటాయి. ఖాళీ సీసాలు ఏరి, కుళాయి నీళ్లు పట్టి, మూత బిగించి మళ్లీ అమ్మేవాళ్లకు భయపడి వేసిన మాట అది.

గోలీ సోడా రోజుల్లో ఇది తలకిందులుగా ఉండేది. తాగి సీసా చేతికిచ్చేదాకా కొట్టువాడు కదలనిచ్చేవాడు కాదు. కూల్‌డ్రింక్ కేసు కావాలంటే ముందు ఖాళీల కేసు దించాలి. సీసా కంపెనీది, మనం కొనేది లోపలి సరుకు మాత్రమే. 1965లో బొంబాయిలో అమ్మకానికొచ్చిన బిస్లరీ నీళ్లు కూడా గాజు సీసాలోనే వచ్చాయి. 1969లో ఆ వ్యాపారం పార్లే చేతికి వెళ్లింది. ఆ తర్వాత ప్లాస్టిక్ వచ్చాక సీసా తిరిగిచ్చే పని పోయింది, దాని బాధ్యతా కంపెనీ నెత్తి మీంచి దిగిపోయింది. అసలు మలుపు అక్కడే ఉందని నా లెక్క.

ప్రభుత్వం మాత్రం చాలాకాలం సీసా లోపలే చూసింది. 2001 మార్చి 29 నుంచి ప్యాక్ చేసిన తాగునీటికి బీఐఎస్ (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ) ధ్రువీకరణ తప్పనిసరి అయింది. శుద్ధి చేసిన మామూలు నీటికి ఐఎస్ 14543 అనే ప్రమాణం, సహజ ఖనిజ జలానికి ఐఎస్ 13428. మనం ‘మినరల్ వాటర్’ అని పిలిచే వాటిలో దాదాపు అన్నీ మొదటి రకమే, అంటే బోరు నీళ్లో కుళాయి నీళ్లో వడకట్టి నింపినవి. ముద్ర పడ్డాక కూడా 2003 ఫిబ్రవరిలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పేరున్న బ్రాండ్లలో లిండేన్, డీడీటీ, మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందుల అవశేషాలు బయటపెట్టింది. పొలాల మందు భూగర్భజలంలోకి దిగి, బోరులోంచి సీసాలోకి ఎక్కిందన్నమాట. గోల లేచాక పరిమితులు బిగించారు: ఒక్కో పురుగుమందు లీటరుకు 0.0001 మిల్లీగ్రాములు, అన్నీ కలిపి 0.0005. ఇటీవలి మలుపు 2024ది. అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, బీఐఎస్ ధ్రువీకరణ నిబంధన తీసేసి, నవంబరులో ఈ నీళ్లను అధిక ప్రమాద ఆహార పదార్థాల జాబితాలో చేర్చి ఏటా ఆడిట్ పెట్టింది.

ఇదంతా ప్యాక్ చేసి అమ్మే నీటి గొడవ. మన వీధి ప్లాంటులో క్యాన్ పెట్టి పట్టుకొచ్చే నీళ్లకు అప్పుడూ ఇప్పుడూ ఐఎస్ఐ ముద్రతో పనిలేదు. బోరు సంగతి ఇంకో కథ. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో బోర్ల తవ్వకాన్ని అదుపు చేసే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చింది. అదే ఏడాది కేరళలోని ప్లాచిమడలో భూగర్భజలం తోడేస్తోందని కోకాకోలా ప్లాంటు మీద ఆదివాసీలు దీక్షకు కూర్చున్నారు, 2004లో ప్లాంటు ఆగింది.

ఖాళీ సీసా వంతు చివర్న వచ్చింది. చెత్త ఏరేవాళ్లకు దాని లెక్క మొదట్నుంచీ తెలుసు: తెల్ల సీసాకు ఒక ధర, రంగుదానికి తక్కువ. మూత వేరే ప్లాస్టిక్ కాబట్టి దాన్ని విడిగా తియ్యాలి. ఇలా చేరిన పెట్ (నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్) సీసాల్లో చాలావరకు పాలిస్టర్ దారమయ్యాయి తప్ప తిరిగి సీసా కాలేదు, ఎందుకంటే ఆహార ప్యాకింగులో రీసైకిల్ ప్లాస్టిక్ వాడకూడదని మన నిబంధనలే అడ్డుపడ్డాయి. ఆ తలుపు తెరిచాక 2022 ఫిబ్రవరిలో, వాడేసిన ప్యాకింగు బాధ్యత కంపెనీలదే అనే ఉత్పత్తిదారుల బాధ్యత మార్గదర్శకాలొచ్చాయి. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో 2025-26 నుంచి 30 శాతం రీసైకిల్ సరుకు ఉండాలి, 2028-29కి అది 60 శాతం కావాలి.

డిపాజిట్ పద్ధతి మాత్రం వేరే దారిన వెనక్కొచ్చింది. నీలగిరుల్లో అడవిలో పగిలిన మద్యం సీసాలు ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు కలగజేసుకోవడంతో, 2022 నుంచి అక్కడి టాస్మాక్ (తమిళనాడు ప్రభుత్వ మద్యం) దుకాణాలు సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీది తెచ్చిస్తే ఆ పది తిరిగిస్తున్నాయి. మన తిరుమల కొండ మీద కూడా ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపేసి గాజు సీసాల్లో అమ్ముతున్నారు. ఖాళీ సీసా కొట్టులో ఇస్తే డిపాజిట్ చేతికొస్తుంది, అచ్చం సోడా కొట్టులోలాగే.