ఒకే ట్రాక్ మీద చోటు కోసం: టాట్యానా మెక్‌ఫాడెన్ కేసు వెనక కథ

2006 ఏప్రిల్‌లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ఒక ఫెడరల్ జడ్జి ముందుకు పదహారేళ్ల అమ్మాయి కేసు వచ్చింది. ఆమె నష్టపరిహారం అడగలేదు, కప్పులూ అడగలేదు. తన స్కూల్లో మిగతా పిల్లలు పరిగెత్తేటప్పుడే, వాళ్ల ట్రాక్ మీదే, తన రేసింగ్ వీల్‌చైర్‌లో తననూ పోనివ్వమంది. అప్పటికే ఆ అమ్మాయి ఏథెన్స్ పారాలింపిక్స్‌లో రెండు పతకాలు గెలిచి వచ్చింది. ప్రపంచ పోటీలకు పనికొచ్చిన మనిషి సొంత స్కూలు మైదానంలో మాత్రం అడ్డమైపోయింది.

ఆమె పేరు టాట్యానా మెక్‌ఫాడెన్. తర్వాతి కాలంలో మారథాన్‌లలో ఆమె సాధించినవి చాలామంది క్రీడాభిమానులకు తెలుసు. నాకు మాత్రం ఆ విజయాలన్నిటికన్నా ఈ కేసే పెద్దదిగా కనిపిస్తుంది. స్కూలు వాళ్లు ఆ రోజు చెప్పిన కారణాలు కొత్తవి కావు. వీల్‌చైర్ రేసర్లు అంతకు ముప్పై ఏళ్ల ముందు నుంచే, ఊరూరా అవే కారణాలు వింటూ వచ్చారు.

బోస్టన్ మారథాన్‌లో 1970లో యూజీన్ రాబర్ట్స్ అనే వియత్నాం యుద్ధ సైనికుడు వీల్‌చైర్‌లో 42 కిలోమీటర్లు పూర్తిచేశాడు. యుద్ధంలో కాళ్లు పోగొట్టుకున్న ఆయనకు ఏడు గంటలకు పైగా పట్టింది. ఫలితాల పట్టికలో ఆయన పేరు చేరలేదు. 1975లో బాబ్ హాల్ అనే యువకుడు, చిన్నప్పుడే పోలియో వచ్చినవాడు, తనకూ అనుమతి ఇవ్వమని అడిగాడు. నిర్వాహకుడు విల్ క్లోనీ ఒక షరతు పెట్టాడు: మూడు గంటల్లోపు పూర్తిచేస్తే మిగతా రన్నర్లకు ఇచ్చినట్టే సర్టిఫికెట్ ఇస్తాం. హాల్ 2 గంటల 58 నిమిషాల్లో ముగించాడు. రెండేళ్ల తర్వాత, 1977లో, షారన్ రాన్ ఆ మారథాన్ పూర్తిచేసిన తొలి మహిళా వీల్‌చైర్ రేసర్ అయింది.

బోస్టన్ తలుపు తీసినా మిగతా నగరాలు అంత సులువుగా తీయలేదు. లండన్ మారథాన్‌లో వీల్‌చైర్ పోటీ 1983లో మొదలైంది. న్యూయార్క్‌లో గొడవ ఏళ్ల తరబడి నడిచింది, కోర్టుల దాకా వెళ్లింది. అక్కడ అధికారిక విభాగం వచ్చేసరికి 2000 అయింది. అన్నిచోట్లా చెప్పిన మాట ఒకటే: చక్రాలు రన్నర్లకు తగిలి దెబ్బలు తగులుతాయి. దానికి తోడు ఇంకో మాట, చక్రాల మీద పోవడం పరుగు కాదు కదా అని. ఒలింపిక్స్ కూడా మధ్యేమార్గం పట్టింది. 1984 లాస్ ఏంజెలెస్‌లో మహిళలకు 800 మీటర్లు, పురుషులకు 1500 మీటర్ల వీల్‌చైర్ రేసులు పెట్టారు, కానీ ప్రదర్శన పోటీలుగానే. పెళ్లి తర్వాత షారన్ హెడ్రిక్‌గా మారిన షారన్ రానే ఆ 800 మీటర్లు గెలిచింది. పతకాల పట్టికలో ఆ గెలుపుకు చోటు లేదు. మైదానంలోకి రానిస్తారు, లెక్కలోకి రానివ్వరు. ఈ తేడా టాట్యానా జీవితంలో మళ్లీ ఎదురవుతుంది.

టాట్యానా 1989 ఏప్రిల్ 21న రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) పుట్టింది. పుట్టుకతోనే స్పైనా బైఫిడా, అంటే వెన్నెముక పూర్తిగా మూసుకోని స్థితి. అలాంటి బిడ్డకు వెంటనే ఆపరేషన్ చేయాలి. ఈమెకు మూడు వారాల దాకా చేయలేదు. నడుము కింద భాగం పనిచేయలేదు. తల్లి పెంచే పరిస్థితిలో లేక అనాథాశ్రమంలో వదిలింది. అక్కడ వీల్‌చైర్ లేదు. మిగతా పిల్లలతో ఆడుకోవాలంటే చేతులే దిక్కు. అలా ఆరేళ్లు వచ్చేదాకా ఆమె చేతుల మీదే నడిచింది. తర్వాతి రోజుల్లో అందరూ మెచ్చుకున్న ఆ భుజాల బలం అక్కడి నుంచే వచ్చిందని రాయడం పరిపాటి అయిపోయింది. అది నిజం కావచ్చు గానీ, ఒక పసిబిడ్డకు కుర్చీ లేకపోవడాన్ని శిక్షణగా చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు.

డెబొరా మెక్‌ఫాడెన్ ఆ అనాథాశ్రమానికి వచ్చింది ప్రభుత్వ పని మీద. ఆవిడ అమెరికా ప్రభుత్వంలో వికలాంగుల వ్యవహారాలు చూసే కమిషనర్. అనారోగ్యం వల్ల ఆవిడ కూడా కొన్నేళ్లు వీల్‌చైర్‌లో గడిపారు. టాట్యానాను దత్తత తీసుకుని మేరీల్యాండ్ తీసుకెళ్లారు. పిల్ల చాలా బలహీనంగా ఉందని, కండ పట్టడానికని రకరకాల ఆటల్లో చేర్చారు. బాల్టిమోర్‌లో వికలాంగ పిల్లల కోసం నడిచే బెనెట్ బ్లేజర్స్ క్లబ్‌లో ఆమెకు రేసింగ్ చైర్ పరిచయమైంది. 2004 ఏథెన్స్ పారాలింపిక్స్ నాటికి ఆమెకు పదిహేనేళ్లు. 100 మీటర్లలో వెండి, 200 మీటర్లలో కాంస్యం గెలిచింది.

తిరిగొచ్చి, హోవర్డ్ కౌంటీలోని ఆథల్టన్ హైస్కూల్లో ట్రాక్ టీమ్‌లో చేరింది. తోటి పిల్లలతో కలిసి ఆడటం, బస్సులో పోటీలకు వెళ్లడం, అదీ ఆమె ఆశ. యూనిఫాం ఇచ్చారు. పోటీ రోజున మాత్రం ఆమె రేసు వేరు. మిగతా పిల్లలను పక్కన నిలబెట్టి, నాలుగు వందల మీటర్ల ట్రాక్ మొత్తం ఖాళీ చేయించి, ఆమె ఒక్కదాన్నే తిరగనిచ్చారు. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. స్టాండ్స్‌లో ఉన్నవాళ్లకు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియదు. ఏథెన్స్ స్టేడియంలో పరిగెత్తి వచ్చిన పిల్లకు ఇది గౌరవంగా అనిపిస్తుందా?

స్కూలు అధికారులు చెప్పిన కారణాలు రెండు: రన్నర్లకు ప్రమాదం, చక్రాల వల్ల ఆమెకు అదనపు లాభం. తల్లీకూతుళ్లు కోర్టుకెళ్లారు. 1973 నాటి పునరావాస చట్టం 504వ సెక్షన్ ప్రకారం, ఫెడరల్ నిధులు తీసుకునే ఏ సంస్థా వైకల్యం కారణంగా ఎవరినీ బయట పెట్టకూడదు. ఆ సెక్షన్ అమలు నిబంధనలపై సంతకం పెట్టించడానికే 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వికలాంగులు మూడు వారాలకు పైగా ప్రభుత్వ భవనంలో బైఠాయించారు. ఆ పోరాటం ఫలం ఇప్పుడు ఒక స్కూలు పిల్ల చేతికి అందింది. జడ్జి ఆండ్రీ డేవిస్ ఆమెకు అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఏడాది మిగతా పోటీల్లో ఆమె తోటి విద్యార్థులతో కలిసి ట్రాక్ మీదకు వెళ్లింది. ఎగతాళిగా అరిచినవాళ్లూ ఉన్నారని తర్వాత ఆమే చెప్పింది.

సాధారణంగా ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. నిజానికి అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. ట్రాక్ మీదకు రానిచ్చారు, కానీ రాష్ట్ర స్థాయి పోటీల్లో ఆమె గెలిస్తే స్కూలు ఖాతాలో పాయింట్లు రాయరు. దాంతో రాష్ట్ర విద్యాశాఖ మీద రెండో కేసు వేశారు. 2007లో అదే జడ్జి ఈసారి ఆమెకు ఉత్తర్వు ఇవ్వలేదు. కలిసి పరిగెత్తే హక్కు వేరు, ఆమె పాయింట్లు టీమ్ స్కోరులో కలవడం వేరు అన్నదే తీర్పు సారాంశం. బోస్టన్‌లో రాబర్ట్స్‌కు, లాస్ ఏంజెలెస్‌లో హెడ్రిక్‌కు జరిగిందే మళ్లీ జరిగింది.

కోర్టులో దొరకనిదాన్ని వాళ్లు శాసనసభలో వెతికారు. 2008లో మేరీల్యాండ్ ఒక చట్టం చేసింది. వికలాంగ విద్యార్థులకు వ్యాయామ తరగతుల్లో, స్కూలు క్రీడల్లో అవకాశం కల్పించడం ఆ రాష్ట్ర స్కూళ్ల బాధ్యత అయింది. 2010లో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే ఫెడరల్ సంస్థ, వికలాంగ విద్యార్థులు స్కూలు ఆటల్లో తక్కువగా పాల్గొంటున్నారని, చట్టం ఏం చెబుతుందో స్కూళ్లకు స్పష్టత కావాలని నివేదిక ఇచ్చింది. 2013 జనవరి 25న ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల విభాగం దేశంలోని స్కూళ్లకు లేఖ రాసింది: స్కూలు క్రీడల్లో వికలాంగ విద్యార్థులకు సమాన అవకాశం ఇవ్వడం 504వ సెక్షన్ కింద మీ బాధ్యత అని. ఒక ఊరి స్కూల్లో మొదలైన తగవు ఏడేళ్లలో దేశమంతటికీ నియమమైంది. ఈలోగా టాట్యానా ఇంట్లోనే ఇంకో రేసర్ తయారైంది. ఆమె చెల్లెలు హానా కూడా దత్తపుత్రికే, కృత్రిమ కాలు ఉన్న అమ్మాయి, అక్కలాగే వీల్‌చైర్ రేసర్ అయింది. 2012 లండన్ పారాలింపిక్స్ 100 మీటర్ల ఫైనల్లో అక్కాచెల్లెళ్లిద్దరూ పోటీపడ్డారు.

ఈ చట్టాల సంగతి మనకు దూరపుదేం కాదు. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్, ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు వికలాంగ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని, ఆటల్లో ఇతరులతో సమానంగా అవకాశం ఇవ్వాలని చెబుతోంది. గేమ్స్ పీరియడ్ వచ్చేసరికి కాలు సరిగా లేని పిల్లవాణ్ని స్కోరు రాయమనో, అందరి బ్యాగుల దగ్గర కూర్చోమనో చెప్పడం చూడనివాళ్లు మనలో తక్కువ. చెప్పే మాస్టారు చెడ్డవాడు కాదు, పిల్లాడికి దెబ్బ తగులుతుందని ఆయన టెన్షన్. ఆథల్టన్‌లోనూ వినిపించింది ఆ మాటే.

హైస్కూలు తర్వాత టాట్యానా ఇల్లినాయి విశ్వవిద్యాలయానికి వెళ్లింది. అక్కడ వికలాంగ విద్యార్థుల కార్యక్రమాన్ని టిమ్ నూజెంట్ 1948లో ప్రారంభించారు, రెండో ప్రపంచ యుద్ధం నుంచి గాయాలతో తిరిగొచ్చిన సైనికులకు చదువు చెప్పడం కోసం. షారన్ హెడ్రిక్ చదివింది అక్కడే. బోస్టన్ మారథాన్‌ను ఎనిమిదిసార్లు గెలిచిన జీన్ డ్రిస్కల్ చదివింది కూడా అక్కడే. కోచ్ ఆడమ్ బ్లేక్నీ కూడా రేసరే. ఆయన ప్రోత్సాహంతో 2009లో టాట్యానా షికాగోలో తొలి మారథాన్‌కు దిగి గెలిచింది. అప్పటిదాకా ఆమె స్ప్రింటర్. 100 మీటర్లు పోయే మనిషి 42 కిలోమీటర్లు కూడా గెలవడం కాళ్లతో పరిగెత్తేవాళ్లలో ఊహించలేం. వీల్‌చైర్ రేసింగ్‌లో కూడా అరుదే.

ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే ఆ చైర్‌ను దగ్గరగా చూడాలి. ఆసుపత్రి చైర్‌తో దీనికి పోలిక లేదు. వెనక రెండు పెద్ద చక్రాలు, పైభాగం లోపలికి వంగి ఉంటాయి. ముందు బాగా దూరంగా ఒక చిన్న చక్రం. రేసర్ కాళ్లు మడిచి, మోకాళ్ల మీద ముందుకు వంగి, దాదాపు బోర్లా పడుకున్నట్టు కూర్చుంటుంది. గేర్లు పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. పెద్ద చక్రానికి బయటివైపు ఒక చిన్న రింగు ఉంటుంది. చేతికి గట్టి గ్లవ్స్ వేసుకుని ఆ రింగును పట్టుకోకుండా పైనుంచి కిందికి కొడుతూ పోవాలి. దెబ్బ సరిగ్గా పడితే చక్రం ముందుకు దూకుతుంది, ఒక్క అంగుళం తప్పినా ఆ శ్రమ వృథా. ట్రాక్ మలుపు దగ్గర ముందు చక్రానికి ఉన్న మీటను అరచేత్తో ఒక్కసారి తట్టితే చైర్ ఆ వంపులో దానంతట అదే తిరుగుతుంది. దానికి కాంపెన్సేటర్ అని పేరు. మలుపు దాటాక మళ్లీ తట్టాలి, ఆ మధ్యలో చేతులు తోస్తూనే ఉండాలి.

రోడ్డు మీద కథ వేరు. ముందున్న చైర్ వెనకే అంటిపెట్టుకుని పోతే గాలి దెబ్బ తగ్గుతుంది. అందుకే గుంపుగా పోతూ, వంతులవారీగా ముందుకొస్తూ, చివరి కిలోమీటరులో తేల్చుకుంటారు. అక్కడ స్ప్రింటర్ చేతులకు విలువ ఎక్కువ. 2016 రియోలో మాత్రం ఆ చివరి పోరులోనే టాట్యానా ఓడింది. ఆమెకూ చైనాకు చెందిన జో లీహోంగ్‌కూ ఒకే టైమ్, 1 గంట 38 నిమిషాల 44 సెకన్లు నమోదైంది, కొద్ది తేడాతో స్వర్ణం జోకు వెళ్లింది.

2013 ఆమె జీవితంలో గొప్ప ఏడాది. ఏప్రిల్ 15న బోస్టన్ గెలిచింది. కొన్ని గంటల తర్వాత అదే ఫినిష్ లైన్ దగ్గర బాంబులు పేలాయి. ఆరు రోజుల తర్వాత, తన 24వ పుట్టినరోజున, లండన్ గెలిచింది. వేసవిలో లియాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 100 నుంచి 5000 మీటర్ల వరకు ఆరు స్వర్ణాలు. శరదృతువులో షికాగో, న్యూయార్క్. ఒకే ఏడాది ఈ నాలుగు మారథాన్‌లూ గెలిచినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆమె 2014, 2015, 2016లో కూడా అన్నీ గెలిచింది. మధ్యలో, పుట్టిన దేశంలో జరిగిన సోచి వింటర్ పారాలింపిక్స్‌కు మంచు మీద స్కీయింగ్ నేర్చుకుని వెళ్లి వెండి తెచ్చుకుంది. 2017లో కాళ్లలో రక్తం గడ్డకట్టి ఆపరేషన్లు అయ్యాయి. ఆ తర్వాతి ఏళ్లు స్విట్జర్లాండ్‌కు చెందిన మాన్యుయేలా షేర్, ఆమె తర్వాత కేథరిన్ డెబ్రునర్‌వి. 2023 బెర్లిన్‌లో డెబ్రునర్ 1 గంట 34 నిమిషాల 16 సెకన్లలో మారథాన్ ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది.

ఇంత జరిగాక కూడా లెక్క దగ్గర తేడా మిగిలే ఉంది, ఈసారి డబ్బు రూపంలో. అమెరికా ఒలింపిక్ కమిటీ ఒలింపిక్ స్వర్ణానికి 37,500 డాలర్లు ఇస్తూ, పారాలింపిక్ స్వర్ణానికి 7,500 మాత్రమే ఇచ్చేది. టాట్యానా లాంటివాళ్లు ఏళ్ల తరబడి అడిగాక 2018 సెప్టెంబరులో రెండూ సమానం చేశారు. మారథాన్ విజేతల బహుమతిలో రన్నర్‌కూ వీల్‌చైర్ రేసర్‌కూ సమానంగా ఇవ్వడం 2024 లండన్‌తో మొదలైంది, ఒక్కొక్కరికి 55,000 డాలర్లు. టాట్యానా అప్పటికీ పోటీల్లోనే ఉంది. ఆ ఏడాదే పారిస్ పారాలింపిక్స్‌లో, ముప్పై అయిదేళ్ల వయసులో, 100 మీటర్లలో వెండి గెలిచింది.