నాయకుడిని ప్రశ్నిస్తే ఉద్యమం కూలిపోతుందా? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో జవాబుదారీతనంపై అపోహలు - వాస్తవాలు

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఎవరైనా వాడుకుని, చదివి, మార్చి, పంచుకోగలిగే ప్రోగ్రాములు. వాటి ప్యాకేజీల నిర్వహణ, తెలుగు అనువాదాలు చాలాకాలంగా నా పని. కొత్తగా చేరినవారికి కోడు గురించి చెప్పడం తేలిక. ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్మన్ ప్రస్తావన వస్తే మాత్రం గది రెండు వర్గాలుగా చీలిపోతుంది. కొందరు ఆయనమీద ఈగ వాలనివ్వరు, మరికొందరు ఆయన చేయి పడిన ప్రతిదాన్నీ పారేయమంటారు. ఈ పట్టుదలల మధ్య అసలు ప్రశ్న మరుగున పడుతోంది. ఒక సంస్థలో అధికారం ఎవరి చేతికి ఏ దారిన వస్తుంది? దాన్ని చెడుగా వాడినప్పుడు ఆపగలిగేది ఎవరు? ఈ ఉద్యమం నాకు ప్రాణంతో సమానం కాబట్టి, తరచుగా వినే కొన్ని అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: 2019లో పత్రికలు అబద్ధాలు రాసి స్టాల్మన్‌ను వెళ్ళగొట్టాయి

ఇందులో కొంత నిజముంది. ముందు దాన్ని ఒప్పుకోవాలి. బాలికల లైంగిక దోపిడీ కేసుల్లో నిందితుడైన అమెరికా ధనికుడు జెఫ్రీ ఎప్‌స్టీన్ బాధితుల్లో ఒకరి వాంగ్మూలంలో, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మార్విన్ మిన్‌స్కీ పేరు వచ్చింది. మిన్‌స్కీ అప్పటికే మరణించారు. దానిపై ఎంఐటీ కంప్యూటర్ ప్రయోగశాల ఈమెయిళ్ళలో సాగిన చర్చలో, ఆమెను ఎప్‌స్టీన్ బలవంతపెట్టి ఉంటే ఆ సంగతి దాచమని కూడా ఆదేశించి ఉంటాడనీ, కాబట్టి మిన్‌స్కీకి ఆమె ఇష్టపడి వచ్చినట్టే కనిపించి ఉండవచ్చనీ స్టాల్మన్ రాశారు. కొన్ని పత్రికలు దాన్ని 'బాధితురాలు ఇష్టపడే వచ్చిందన్న స్టాల్మన్' అన్నట్టు అచ్చువేశాయి. ఆయన అన్నది అది కాదు. ఎవరినైనా జవాబు అడిగేటప్పుడు వారు అన్న మాటనే పట్టుకుని అడగాలి.

అయితే ఆ సెప్టెంబరు 16న ఆయన ఎంఐటీకీ, తాను స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అధ్యక్ష పదవికీ, బోర్డుకూ రాజీనామా చేయడానికి ఆ ఒక్క ఈమెయిలే కారణమనుకోవడం కూడా పొరపాటే. ఆయన ప్రవర్తనవల్ల ఇబ్బంది పడ్డామని మహిళలు చెప్పడం అంతకు చాలా ముందునుంచీ ఉంది. పిల్లలు ఒప్పుకుంటే పెద్దలతో లైంగిక సంబంధంలో తప్పు కనిపించడం లేదని ఆయన చాలా ఏళ్ళ కిందట తన సైటులో రాసుకున్నారు. రాజీనామాకు రెండు రోజుల ముందు, అలాంటి సంబంధం పిల్లలకు మానసికంగా హాని చేస్తుందని తనకు అర్థమైందనీ, అభిప్రాయం మార్చుకున్నాననీ ఆయనే ప్రకటించారు. పత్రికల తప్పు ఎంత నిజమో, ఏళ్ళ తరబడి పేరుకున్న ఫిర్యాదులను పట్టించుకునే దారి ఆ సంస్థల్లో లేకపోవడం అంతే నిజం. ఆ దారి ముందే ఉండి ఉంటే వ్యవహారం ఒక ఈమెయిలుతో పేలేదే కాదు.

అపోహ: స్థాపకుడిని విమర్శించేవాళ్ళు ఉద్యమానికి శత్రువులు

2019 అక్టోబరులో ఆయన నాయకత్వాన్ని ప్రశ్నిస్తూ ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేసినవారు స్టాల్మన్ మొదలుపెట్టిన గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మెయింటైనర్లు. రోజూ గ్నూ ప్రోగ్రాములను బతికించే మనుషులు వాళ్ళు. ఆ ప్రకటన మొదలయ్యేదే దశాబ్దాల ఆయన కృషికి కృతజ్ఞతతో. 2021లో ఆయన ఫౌండేషన్ బోర్డులోకి తిరిగి రావడాన్ని తప్పుపట్టిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ యూరప్ కూడా ఇదే ఉద్యమం నుంచి పుట్టింది. గట్టిగా మాట్లాడినవారిలో చాలామంది ఇంటివాళ్ళే.

అపోహ: జవాబుదారీతనమంటే మనిషిని తీసేయడమే

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎక్కువ నష్టం చేసింది ఈ అపోహే అని నా నమ్మకం.

2021 మార్చి 21న ఫౌండేషన్ వార్షిక సదస్సు లిబ్రేప్లానెట్‌లో స్టాల్మన్ తాను తిరిగి బోర్డులో ఉన్నానని స్వయంగా చెప్పారు. సదస్సు నడిపిన సిబ్బందికీ, వాలంటీర్లకూ, వక్తలకూ అది బహిరంగమయ్యేదాకా తెలియదని ఫౌండేషనే ఒప్పుకోవలసి వచ్చింది. ఒక బోర్డు తన సొంత ఉద్యోగులకు కూడా చెప్పకుండా, ఎందుకు తీసుకున్నామో వివరించకుండా ఇంత పెద్ద నిర్ణయం ఎలా తీసుకుంది? స్టాల్మన్ మంచివారా చెడ్డవారా అన్న వాదన పక్కన పెట్టినా ఈ ప్రశ్న అలాగే నిలుస్తుంది. ఆయనను తొలగించి బోర్డంతా దిగిపోవాలని వేలమంది సంతకాలు చేశారు. ఆయనకు మద్దతుగా అంతకంటే ఎక్కువ మంది సంతకాలు చేశారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ రెడ్ హ్యాట్ ఫౌండేషన్‌కు ఇచ్చే నిధులు ఆపేసింది. బోర్డు సభ్యురాలు క్యాట్ వాల్ష్ రాజీనామా చేశారు. ఈ హోరులో 'ఉండాలా, పోవాలా' అన్నదే మిగిలి, 'ఎలా నిర్ణయించారు' అన్నది వెనక్కి పోయింది.

ఆ తరువాత జరిగింది చాలామందికి తెలియదు. బోర్డులో సిబ్బంది ఎన్నుకునే ప్రతినిధికి చోటిచ్చారు, ఇయాన్ కెల్లింగ్ అలా వచ్చారు. బోర్డు సభ్యులకు నైతిక నియమావళి పెట్టారు. కొత్త సభ్యుల ఎంపికలో చందాదారుల అభిప్రాయం తీసుకోవడం మొదలైంది. 2025లో ఉన్న సభ్యులను కూడా అదే పద్ధతిలో సమీక్షించి, స్టాల్మన్‌తో సహా అందరినీ కొనసాగించారు. ఫలితం నచ్చనివాళ్ళు ఉన్నారు, వారి కారణాలు నాకు అర్థమవుతాయి. కాని ఎవరు, ఏ ప్రాతిపదికన, ఎవరిని అడిగి నిర్ణయించారో చెప్పగలిగే 2025 పద్ధతికీ, వేదికమీద హఠాత్తుగా బయటపడిన 2021 పద్ధతికీ ఏమాత్రం పోలిక లేదు. ఈ సంస్కరణలు ఆ గొడవకు ముందే వచ్చి ఉండవలసింది. చందా కట్టేవారికి బోర్డును ఎన్నుకునే ఓటు ఇప్పటికీ లేదు, అది నాకు పెద్ద లోటుగానే కనిపిస్తుంది.

ఇంటర్నెట్‌ను గోప్యంగా వాడుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసే టోర్ ప్రాజెక్టు 2016లో మరో దారి పట్టింది. సంస్థకు బహిరంగ ముఖంగా ఉన్న వ్యక్తిపై లైంగిక ఆరోపణలు వచ్చాయి. ఆయన వాటిని ఖండించారు. సంస్థ బయటి దర్యాప్తు అధికారిని పెట్టింది. ఆ జులైలో పాత బోర్డు సభ్యులందరూ తప్పుకుని కొత్తవారికి చోటిచ్చారు. ఒక వ్యక్తి ప్రవర్తన గురించి వచ్చిన ఆరోపణ, పర్యవేక్షించవలసిన బోర్డు మార్పుదాకా వెళ్ళిన అరుదైన సందర్భం అది.

అపోహ: అది అమెరికా గొడవ, తెలుగులో పనిచేసుకునే మనకేమిటి?

జీపీఎల్ (గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు) కింద విడుదలయ్యే ప్రోగ్రాముల ఫైళ్ళలో పైనే ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. మూడో వెర్షను, లేదా మీ ఇష్టాన్నిబట్టి ఆ తరువాత వచ్చే ఏ వెర్షను ప్రకారమైనా దీన్ని వాడుకోవచ్చు అని దాని అర్థం. మనం అలవాటుగా కాపీ చేసి అతికిస్తాం. ఆ 'తరువాతి వెర్షను' ప్రచురించే అధికారం ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ది. కొత్తది పాతదాని స్ఫూర్తితోనే ఉంటుందని లైసెన్సులో హామీ ఉంది గాని, దాన్ని రాసేది ఆ సంస్థే. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగమైన కెర్నెల్‌ను దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ రెండో వెర్షనుకే పరిమితం చేయడంతో అది ఈ అధికారం పరిధిలోకి రాలేదు. మిగతా వేలాది ప్రోగ్రాములు వస్తాయి.

ఇలాంటి అధికారాన్ని ఫౌండేషన్ వాడిన ఒక సందర్భం తెలుగువారినీ తాకింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనప్పుడు అందులోని వ్యాసాలు ఆ ఫౌండేషనే రాసిన గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సు కింద ఉండేవి. 2008 నవంబరులో ఫౌండేషన్ ఆ లైసెన్సుకు 1.3 వెర్షను తెచ్చి, వికీల్లోని పాఠ్యాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సుకు మార్చుకునే వీలు కల్పించింది. ఆపైన వికీమీడియా సముదాయం ఓటు వేసింది, 2009 జూన్‌లో మార్పు అమలైంది. ఆ మార్పు మంచిదే, దాన్ని నేను నేటికీ సమర్థిస్తాను. కాని తెలుగులో ఊరి చరిత్రో, కవి జీవితమో రాసిన మనిషి రచనకున్న షరతులు, అతనికి ఓటులేని ఒక బోర్డు వీలు కల్పించడంవల్ల మారాయి. అంత అధికారమున్న బోర్డులో ఎవరు కూర్చుంటారో అడిగే హక్కు హైదరాబాదులో ఉన్నా విజయనగరంలో ఉన్నా మనకుంది.

అపోహ: నాయకుడు తప్పుకుంటే పని ఆగిపోతుంది

2018 జులైలో గైడో వాన్ రోసమ్ తాను సృష్టించిన పైథాన్ ప్రోగ్రామింగ్ భాష సారథ్యం వదిలేశారు. కొన్ని నెలల్లో అయిదుగురి స్టీరింగ్ కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగాయి, పైథాన్ నిక్షేపంగా నడుస్తోంది. అదే ఏడాది సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన దురుసు మాటలకు క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పక్కకు జరిగారు. కెర్నెల్‌కు కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. 4.19 వెర్షనును మరో కెర్నెల్ డెవలపర్ గ్రెగ్ క్రోహార్ట్‌మన్ విడుదల చేశారు. తరువాత టోర్వాల్డ్స్ తిరిగి వచ్చారు. తప్పు ఒప్పుకుని, నియమానికి లోబడి మళ్ళీ పదవిలో కూర్చున్న ఆ తీరును నేను గౌరవిస్తాను.

అపోహ: మనిషి చెడ్డవాడైతే అతని కోడు కూడా పోవాలి

లినక్స్ ప్రోగ్రామర్ హాన్స్ రైజర్ 2008లో భార్య హత్య కేసులో దోషిగా తేలాడు. ఇంతకంటే తీవ్రమైన నేరం ఈ రంగంలో నాకు గుర్తులేదు. అయినా అతని రైజర్‌ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్ళను అమర్చే కోడు) కెర్నెల్‌లో మరో పదహారేళ్ళు ఉంది. చివరకు వాడేవారూ చూసుకునేవారూ లేక 6.13 వెర్షనులో దాన్ని తొలగించారు. కోడు భవితవ్యాన్ని కోడును చూసి తేల్చాలి. పదవి, వేదిక, అధికారం వేరు, వాటికి ప్రవర్తనతో సంబంధముంది.

అపోహ: మౌనంగా ఉన్నవాళ్ళంతా సమర్థిస్తున్నట్టే

2021 ఏప్రిల్‌లో, లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్ డెవలపర్లు స్టాల్మన్ విషయం ఓటుకు పెట్టారు. తొలగించాలన్న లేఖను బలపరచడం మొదలు ఆయనకు మద్దతు ప్రకటించడం వరకు ఎన్నో ప్రతిపాదనలు బ్యాలెట్‌లో ఉన్నాయి. డెబియన్ ఈ విషయంలో బహిరంగ ప్రకటనేదీ చేయదన్న ప్రతిపాదన గెలిచింది. చర్చించి, లెక్కించి ఎంచుకున్న మౌనమది. దాన్ని పిరికితనమనడం నాకు నచ్చదు. అప్పట్లో ఎవరు ఎటు వేశారో అందరికీ కనిపించేది, వేధింపులకు భయపడినవారున్నారు. 2022లో నియమాలు మార్చి ఓటరు పేరును గోప్యం చేశారు. అధికారంలో ఉన్నవారి నిర్ణయాలు బయట ఉండాలి, వారిని ప్రశ్నించే మామూలు మనిషికి రక్షణ ఉండాలి. ఈ రెంటినీ డెబియన్ విడదీసి చూసింది. తమ నాయకుడిని ఏటా ఎన్నుకునే సంస్థ కాబట్టే అది సాధ్యమైందనుకుంటాను.

అపోహ: నాయకుడు నచ్చకపోతే ఫోర్క్ చేసుకోవచ్చు (కోడు కాపీతో వేరే ప్రాజెక్టు పెట్టుకోవచ్చు), ఇంకేం కావాలి?

వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ కోడు జీపీఎల్ కిందే ఉంది. 2024 శరత్కాలంలో దాని సహ స్థాపకుడు మాట్ ములెన్‌వెగ్‌కూ డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీకీ తగవు వచ్చినప్పుడు ఆ లైసెన్సు ఎవరికీ అడ్డుపడలేదు. సైట్లన్నీ ప్లగిన్లు, అప్‌డేట్లు తెచ్చుకునే వర్డ్‌ప్రెస్.ఆర్గ్ తన సొంతమని ఆయన చెప్పారు. ఆ కంపెనీకి దాని అందుబాటు ఆపేశారు. అక్టోబరు 12న ఆ కంపెనీ నడిపే ప్రసిద్ధ ప్లగిన్ పేజీ చేతులు మారి, వేరే పేరుతో కనిపించింది. డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చాకగాని పాత స్థితి రాలేదు. కంపెనీ వైఖరిపై ములెన్‌వెగ్‌కున్న అభ్యంతరాల్లో న్యాయముండవచ్చు, ఆ వాదన వేరు. ఫోర్క్ చేసినవారికి కోడు దక్కుతుంది. పేరు, డొమైను, అప్‌డేట్ సర్వరు దక్కవు.

మనమధ్య నడిచే చిన్న ప్రాజెక్టుల్లోనూ డొమైను ఒకరి పేరున, కొత్త వెర్షన్లు విడుదల చేయడానికి వాడే డిజిటల్ తాళాలు మరొకరి ల్యాప్‌టాప్‌లో, విరాళాల ఖాతా మూడోవారి బ్యాంకులో ఉండటం మామూలు. ఆ ముగ్గురూ మంచివాళ్ళే కావచ్చు. అయినా ఈ మూడూ ఎవరి దగ్గరున్నాయో ప్రాజెక్టు పరిచయమిచ్చే రీడ్‌మీ ఫైలులో రాయండి, ప్రతిదానికీ కనీసం ఇద్దరు బాధ్యులను పెట్టండి, ఫిర్యాదు వస్తే ఫిర్యాదుకు గురైనవారు కాక ఇంకెవరు చూస్తారో ముందే నిర్ణయించండి. తగవు వచ్చాక ఈ మూడు పనులూ ఎవరూ చేయనివ్వరు.