మూలుగలో మేకు

పర్లాకిమిడిలో మా మామయ్యది కొమ్ము పని. గేదె కొమ్మును వేడి చేసి, మెత్తబడగానే వంచి, ఆకురాయితో అరగదీసి కొంగలూ దువ్వెనలూ తీస్తాడు. కిందటేడు పాతపట్నం నుంచి బండి మీద వస్తూ, రోడ్డుకు అడ్డం వచ్చిన గేదెను తప్పించబోయి పడ్డాడు. కుడి తొడ ఎముక నడిమికి విరిగింది. ‘‘ఇన్నేళ్ల కొమ్ముల బాకీ వసూలు చేసుకుంది’’ అని తర్వాత తనే నవ్వాడు.

బరంపురంలో ఆపరేషన్ అయిన మూడో రోజు, ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. తుంటి నుంచి మోకాలి దాకా తెల్లటి కడ్డీ, పైనా కిందా అడ్డంగా మరలు. ‘‘ఇంత పొడుగు రాడ్డును తొడ కొయ్యకుండా ఎలా దూర్చారురా?’’ అన్నాడు. వెంటనే ఇంకొకటి: ‘‘లోపల తుప్పు పట్టదా?’’

మొదటి ప్రశ్నకు జవాబు వంటింట్లోనే ఉంది. మాంసం తినే ఇళ్లలో మూలుగ ఎముక ఎలా ఉంటుందో పిల్లలకు కూడా తెలుసు. చుట్టూ గట్టి గోడ, నడుమ బోలు, ఆ బోలులో మెత్తటి మూలుగ. రాడ్డు వెళ్లేది ఆ గొట్టంలోకే. తుంటి పక్కన చిన్న గాటు పెట్టి, ఎముక పై కొసలో రంధ్రం చేస్తారు. అందులోంచి సన్నటి తీగను దింపి, విరిగిన చోటు దాటించి కింది ముక్కలోకి పంపుతారు. సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద ఆ తీగ కదలిక కనిపిస్తుంది. తర్వాత ఆ తీగ దారినే బర్మాలాంటి పనిముట్టుతో బోలును కొద్దికొద్దిగా వెడల్పు చేసి రాడ్డును దించుతారు. విరిగిన చోట కత్తి పడదు. అక్కడ గడ్డకట్టిన రక్తం అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. కొత్త ఎముక పుట్టుక మొదలయ్యేది ఆ గడ్డలోనే.

ఆసుపత్రికి బయల్దేరే ముందు ఇంట్లో చిన్న వాదన జరిగింది. పుత్తూరు కట్టులాంటిది ఇక్కడే ఎవరి చేతనైనా కట్టిద్దామని పెద్దత్తయ్య అంది. వెదురుబద్దల కట్టును నేను తీసిపారేయను. విరిగినదాన్ని కదలకుండా పట్టి ఉంచాలన్న సూత్రం అందులోనూ ఉంది. కానీ తొడ సంగతి వేరు. దాని చుట్టూ ఉన్న కండరాలు ఒంట్లోకెల్లా బలమైనవి. ఎముక విరగ్గానే అవి ముక్కల్ని ఒకదాని మీదికి ఒకటి లాగేస్తాయి, కాలు పొట్టిదవుతుంది. అంత కండ మీంచి బద్దలు వాటిని అదుపు చేయలేవు. పైగా చర్మం చిట్లకపోయినా తొడ లోపలే లీటరుకు పైగా రక్తం పోవచ్చు. వెనకటి రోజుల్లో ఆసుపత్రులు చేసింది కూడా కాలికి బరువు వేలాడదీసి, రెండు మూడు నెలలు మంచం మీద పడుకోబెట్టడమే. ఎముక అతుక్కునేది. ఈలోపు వీపు మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, పట్టేసిన మోకాలు మిగిలేవి.

ఆ బద్దను ఎముక లోపలికే పంపితే? 16వ శతాబ్దంలో మెక్సికోలో ఉన్న స్పెయిన్ మతగురువు బెర్నార్డినో ద సహగూన్, అక్కడి వైద్యులు అతకని ఎముకల బోలులో కర్రపుల్లలు దూర్చేవారని రాసిపెట్టాడు. దాన్ని నిలబడే వైద్యంగా మార్చినవాడు జర్మనీలోని కీల్ నగర శస్త్రవైద్యుడు గెర్హార్డ్ క్యుంచర్. 1939లో తొలిసారి ఒక రోగి తొడలో ఉక్కు మేకు, అంటే ఇలాంటి రాడ్డునే, దించాడు. మరుసటి ఏడాది బెర్లిన్‌లో పెద్ద డాక్టర్ల ముందు పెడితే పెదవి విరిచారు. మూలుగను పాడుచేస్తే ఎముక బతుకుతుందా అని వాళ్ల భయం. అది వట్టి భయమేమీ కాదు, లోపలి రక్తనాళాలు నిజంగానే దెబ్బతింటాయి. అయితే ఎముకను బయటి నుంచి చుట్టి ఉండే పొర వైపు నుంచి రక్తం అందుతూ ఉంటుంది, లోపలి నాళాలు మళ్లీ మొలుస్తాయి. యుద్ధం ముగిశాక జర్మనీ చెర నుంచి తిరిగొచ్చిన సైనికుల తొడల్లో ఈ మేకుల్ని ఎక్స్‌రేల్లో చూసి మిత్రదేశాల డాక్టర్లు నివ్వెరపోయారు.

క్యుంచర్ మేకుకు ఒక లోపం ఉండేది. ఎముక చాలా ముక్కలైతే అవి మేకు చుట్టూ తిరిగిపోయేవి, కిందికి జారేవి. 1970ల్లో రెండు కొసల్లో అడ్డమరలు వేసి బిగించడం వచ్చాక ఆ బెడద తగ్గింది. ఆ మరల రంధ్రాలు చర్మం కింద ఎక్కడున్నాయో చూపడానికి సి-ఆర్మ్ కావాలి, అది ఖరీదైన యంత్రం. అమెరికా డాక్టరు లూయిస్ జర్కిల్ 1999లో సైన్ అనే సంస్థ పెట్టి, మేకు కొసకు బయట బిగించే కొలబద్దలాంటి చేయి ఆధారంగానే రంధ్రాన్ని పట్టుకునే మేకును పేద దేశాల ఆసుపత్రులకు అందించాడు. నా లెక్కలో మేకును కనిపెట్టడం ఎంత గొప్పో ఇదీ అంతే.

‘‘అయితే ఇప్పుడు నన్ను మోసేది ఈ రాడ్డేనన్నమాట’’ అన్నాడు మామయ్య. కొంతవరకే. రాడ్డు ఎముకను అతకదు, అతుక్కునేదాకా వరసలో నిలబెడుతుంది. రోజుకు మూడు వేల అడుగులు వేసినా ఒక్కో కాలు ఏడాదికి 5 లక్షలసార్లకు పైగా ఒంటి బరువు మోయాలి. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టే ఉక్కు కూడా అలసి విరుగుతుంది. ఎముకకు పక్కన బిగించే ప్లేటు కన్నా నడుమ ఉండే మేకుకు ఈ వంపు తక్కువ. మందం కూడా లెక్కే. గట్టి కడ్డీని 10 మిల్లీమీటర్ల నుంచి 11కి పెంచితే దాని బిరుసు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. మరీ బిగుసుకుపోయినా మంచిది కాదు. విరిగిన చోట అతి చిన్న కదలిక ఉంటేనే చుట్టూ లేత ఎముక గుబురుగా పెరుగుతుంది. అందుకే ఆపరేషన్ మర్నాడే వాకరు పట్టించి నిలబెట్టారు. చుట్ట మాత్రం మానమన్నారు, నికోటిన్ రక్తనాళాల్ని బిగదీసి అతుకును ఆలస్యం చేస్తుంది. ఆయనకు ఆపరేషన్ కన్నా అదే కష్టమైంది.

తుప్పు మాటకొస్తే, ఈ ఉక్కులో క్రోమియం దండిగా ఉంటుంది. అది పైన కంటికి కనిపించనంత పల్చటి పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ తనంతట తానే కట్టుకుంటుంది.

నాలుగో నెల ఎక్స్‌రేలో విరిగిన చోట పల్చటి మబ్బులాంటి తెలుపు కనిపించింది. కొమ్మును కాచి వంచే మనిషికి, ఏ వేడీ లేకుండా ఎముక తనను తానే పోత పోసుకోవడం వింతగా తోచింది. గోటితో ఆ మబ్బును తడిమాడు. రాడ్డు తీయించాలా అని డాక్టరును అడిగితే, నొప్పి పెట్టకపోతే పెద్దవాళ్లకు అక్కర్లేదన్నారు.

ఇంటికొస్తూ దారిలో అన్నాడు: ‘‘చితి వేడికి ఇది కరగదు కదరా. అస్థికలతో పాటు మహేంద్రతనయలో కలిపేయకండి. కడిగి నా పనిముట్ల పెట్టెలో పెట్టండి. మంచి ఉక్కు.’’