విభజన ఎరగని కేంద్రకం

సముద్రపు ఒడ్డున తడి ఇసుక గుప్పెడు తీసి, సముద్రపు నీళ్ళతోనే కడిగి, ఆ చుక్కను మైక్రోస్కోప్ కింద పెడితే రిబ్బన్ ముక్కలాంటి జీవి ఒకటి రేణువుల సందుల్లోంచి జారుతూ కనిపించవచ్చు. ఒంటి మీద వరసలు వరసలుగా శైలికలు, అంటే కదలడానికి పనికొచ్చే సన్నటి రోమాలు. కదిపితే చటుక్కున ముడుచుకుంటుంది. ఉన్నది ఒకే కణం, కానీ కొన్ని జాతుల్లో మిల్లీమీటరు దాటుతుంది. పేరు ట్రాకెలోరాఫిస్. ఇంటర్ జువాలజీలో మనం బొమ్మ గీసిన పారమీషియానికి దూరపు చుట్టం. ఇలా శైలికలున్న ఏకకణ జీవులను సిలియేట్లు అంటారు.

దానిలాగే దీనికీ రెండు రకాల కేంద్రకాలు. వంశాన్ని నిలిపేది సూక్ష్మకేంద్రకం, రోజువారీ పనులు నడిపేది స్థూలకేంద్రకం. పారమీషియం రెండుగా చీలినప్పుడు స్థూలకేంద్రకమూ చీలుతుంది. ట్రాకెలోరాఫిస్‌లో చీలదు. ఉన్నవాటిని పిల్లకణాలు పంచుకుంటాయి, తక్కువైనవి సూక్ష్మకేంద్రకం నుంచి కొత్తగా తయారవుతాయి. ట్రాకెలోరాఫిస్ లాంటివి ఈ విభజన ఇంకా నేర్వని తొలినాటి జీవులని ఒకప్పుడు అనుకున్నారు. పాత కేంద్రకం మిగిలినవి అనే అర్థంలో కార్యోరెలిక్టిడ్లు అన్నారు.

1990ల్లో వీటి 18ఎస్ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువును చదివారు. దాదాపు 1,700 అక్షరాలు. రైబోసోమ్ లేనిదే ప్రొటీన్ తయారుకాదు కాబట్టి ఈ జన్యువు అన్నిటిలోనూ ఉంటుంది. కీలకమైన చోట్ల దాదాపు మారదు, మిగతా చోట్ల మెల్లగా మారుతుంది. వరసలను అక్షరానికి అక్షరం ఎదురుగా పేర్చి చూస్తే కార్యోరెలిక్టిడ్లు వంశవృక్షం మొదట్లో ఒంటరిగా నిలవలేదు, వెళ్ళి హెటెరోట్రిక్‌లనే మరో సిలియేట్ల గుంపు పక్కన చేరాయి. స్టెంటర్ అనే జీవి ఆ గుంపులోదే. స్టెంటర్ స్థూలకేంద్రకమేమో చక్కగా విభజన చెందుతుంది. శైలికల అడుగున ఉండే సూక్ష్మనాళికల (కణంలోని సన్నటి ప్రొటీన్ గొట్టాల) పట్టీల పోలిక చూసి, కొందరు అంతకుముందే ఈ చుట్టరికాన్ని ఊహించారు.

ఒక్క జన్యువును నమ్ముకుంటే చిక్కే. సముద్రాన్ని ఎర్రబరిచే మీసోడీనియం అనే మరో సిలియేట్‌లో ఇదే జన్యువు విపరీతమైన వేగంతో మారింది. అలాంటి వరస అసలు బంధువులను వదిలేసి వంశవృక్షం మొదట్లోకి జారిపోగలదు. అందుకే ఇప్పుడు వందల జన్యువులు కలిపి చూస్తున్నారు. కార్యోరెలిక్టిడ్ల చుట్టరికం ఆ పరీక్షకూ నిలబడింది.

ఇక మిగిలింది కేంద్రకం సంగతి. హెటెరోట్రిక్‌లలో స్థూలకేంద్రకాన్ని సాగదీసే సూక్ష్మనాళికలు దాని బయట ఉంటాయి. పారమీషియం వైపు వాటిలో లోపల. ఒకే పనికి ఇలా రెండు పద్ధతులున్నాయంటే, రెండు వంశాలూ ఈ విభజనను విడివిడిగానే నేర్చుకున్నాయని నాకనిపిస్తుంది. కార్యోరెలిక్టిడ్లు ఉన్న విద్యను పోగొట్టుకున్నాయనే వాదనా ఉంది. మొదటిదే నిజమైతే, కేంద్రకం పాతదన్న మాటలో తప్పు లేదు. దాన్ని చూసి జీవినే మిగతా సిలియేట్లన్నిటికీ పూర్వీకుణ్ణి చేయడం దగ్గరే పొరబడ్డారు.